కొసరు ఒకచోట, తరుగు ఇంకోచోట

ఆదివారం పొద్దున నెల్లూరు చేపల మార్కెట్లో అరగంట నిలబడితే వ్యాపారం సంగతి సగం తెలిసిపోతుంది. అమ్మే ఆమె కిలో ఇంత అంటుంది. కొనేవాడు వంద తగ్గించి అడుగుతాడు. ఆమె మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది, 'నువ్వే చూడు నాయనా' అంటుంది. కోసి ఇచ్చినందుకు వేరే డబ్బులని ముందే చెబుతుంది. బేరం తెగాక త్రాసు కాస్త మొగ్గేలా తూచి, పైన ఒక చిన్న చేప పడేస్తుంది. ఆ పడేసిందే కొసరు. బిల్లూ లేదు, బోర్డూ లేదు. అయినా పై ఆదివారం మళ్లీ ఆమె గంప దగ్గరికే పోతాం.

అదే జిల్లాలో వడ్ల కల్లానికి పోతే త్రాసును మొగ్గించేది అమ్మే రైతు కాదు, కొనే వ్యాపారి. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. తేమ ఉంది, తాలు ఉంది, మట్టి ఉందంటూ ఇంకొంత వేయమంటారు. దాని పేరు తరుగు. 2025-26లో గ్రేడ్-ఏ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే పుట్టికి సుమారు 20,300. దాని మీద వంద కిలోలు అదనంగా వేయించుకుంటే, ధరలో రూపాయి తగ్గించకుండానే 2,389 రూపాయలు రైతు జేబులోంచి లాగేసినట్టు. కాగితం మీద మద్దతు ధర మద్దతు ధరగానే ఉంటుంది.

వ్యాపారి వైపు మాట కూడా వినాలి. కోత మిషన్‌లోంచి నేరుగా వచ్చిన వడ్లలో తేమ ఎక్కువే. ఎండితే బరువు పోతుంది, ఆ నష్టం మేమెందుకు మోయాలి అంటాడు. అడగడంలో తప్పు లేదు. కానీ తేమ 17 శాతం దాకా ఉండొచ్చని కొనుగోలు నిబంధనే చెబుతోంది, కొలవడానికి మీటరుంది. మీటరు చూపించి, ఎంత ఎక్కువుంటే అంత కోసుకుంటే ఎవరూ నోరెత్తరు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి 'ఇంకో యాభై వెయ్యి' అంటేనే గొడవ. పైన మబ్బు పట్టి ఉంటే రైతు వేస్తాడు కూడా, ఏం చేస్తాడు!

ఒంగోలు వైపు పొగాకు వేలం కేంద్రాల పద్ధతి ఇంతకన్నా నయం. (పొగాకు మంచిచెడ్డలు ఇంకో రోజు మాట్లాడుకుందాం.) రాష్ట్రంలో 1985లో ఈ వేలం మొదలయ్యాక ధర బేలు (పొగాకు కట్ట) పక్కనే, పదిమంది ఎదుటే తేలుతోంది. గిట్టకపోతే రైతు కాదనొచ్చు. ధర పడిపోయిన ఏడాది వేలం ఆపించి ధర్నాకు కూర్చోవడమూ ఉంది. ఎవరు ఎంతకు కొన్నారో తెలుసు కాబట్టి ఎవరిని నిలదీయాలో తెలుస్తోంది.

పట్టణాల్లో తరుగు వేరే వేషాల్లో తిరుగుతోంది. మిఠాయి కొట్లో మలై కాజా తూచేటప్పుడు చూడండి. కాటా మీద ముందు అట్టపెట్టె పెడతారు, సున్నా నొక్కరు. కాజా కిలో 600 అనుకుంటే, 70 గ్రాముల పెట్టెకు మనం 42 రూపాయలు ఇచ్చినట్టు. పెట్టె బరువు సరుకు బరువులో కలపకూడదని కొట్టువాడికి తెలియక కాదు. బస్టాండులో నీళ్ల సీసాకు కూలింగ్ పేరుతో ఐదు రూపాయలు ఎక్కువ తీసుకోవడమూ ఇదే బాపతు. ఎంఆర్‌పీ అంటేనే పన్నులన్నీ కలిపి అంతకు మించకూడని ధర. ఇక 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడం, బిల్లు ఇవ్వననడం రెండూ అనుచిత వ్యాపారమే. బిల్లులో గడువు రాయకపోతే అలా లోపమున్న సరుకును 30 రోజుల దాకా తిరిగి ఇవ్వొచ్చు.

వీధి చివరి కిరాణా కొట్టాయన సూపర్‌మార్కెట్ కన్నా పప్పు మీద రెండు రూపాయలు ఎక్కువే తీసుకుంటాడు. కానీ నెలాఖరు దాకా ఖాతా పుస్తకంలో రాసుకుంటాడు. ఆ రెండు రూపాయలు దేనికో ఇంటావిడకు తెలుసు, ఆయనకూ తెలుసు. అది మోసం కాదు. పెద్ద దుకాణంలో మాత్రం ధర కన్నా ముందు మన ఫోన్ నంబరు అడుగుతున్నారు.

మేము అడుగుతున్నది పెద్ద పనేమీ కాదు. తూనికలు, కొలతల శాఖ వాళ్లు మిఠాయి కొట్లకు పండగ అయ్యాక కాకుండా పండగ ముందురోజు సాయంత్రం వెళ్లాలి. ఎడగారు (రెండో పంట) కోతలు మొదలయ్యేలోపే కల్లాల దగ్గరికి కాటాలు, తేమ మీటర్లు చేరాలి. ప్రభుత్వం తరఫున ధాన్యం కొనే రైతు సేవా కేంద్రంలో తీసిన తేమ లెక్కే మిల్లు దగ్గరా చెల్లాలి. అక్కడ మళ్లీ కొలిచి, కాదని లారీని రెండ్రోజులు గేటు బయట నిలబెడితే, ఆ వెయిటింగ్ చార్జీ కూడా రైతు ఖాతాలోనే పడుతోంది.