రిపోర్టులో అంకె దిగితే రోగం దిగినట్టేనా?

బీపీ పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. షుగర్ కూడా మొదట్లో అంతే. కొలెస్ట్రాల్ సంగతి రక్తపరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు. ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లలో ఎంతోమంది వాటిని నొప్పికో, జ్వరానికో వేసుకోవడం లేదు. ఒక అంకెను దించుకోవడానికి వేసుకుంటున్నారు. నొప్పి మాత్ర పనిచేసిందో లేదో గంటలో ఒంటికే తెలుస్తుంది. ఈ మాత్రల విషయంలో ఒంటికి తెలిసేదేమీ ఉండదు కాబట్టి రిపోర్టు తిరగేస్తాం. అంకె దిగిందా, మందు పనిచేసినట్టే. డాక్టరుకూ తృప్తి, మనకూ నిశ్చింత.

ఈ లెక్క చాలాసార్లు సరైనదే. సరికాని సందర్భాల్లో మాత్రం ప్రాణాలు తీసింది.

1980ల్లో గుండెపోటు నుంచి కోలుకున్నవాళ్ల ఈసీజీల్లో మధ్యమధ్య అదనపు స్పందనలు కనిపిస్తే డాక్టర్లు కంగారు పడేవారు. కారణం లేకపోలేదు. అవి ఎక్కువగా ఉన్నవాళ్లు హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువని అప్పటికే తేలింది. వాటిని అణచడానికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఉండేవి. అవి వాడితే ఈసీజీ చక్కబడేది. మరి ప్రాణం కూడా నిలుస్తుందా? ఇది తేల్చడానికి ‘కాస్ట్’ అనే ట్రయల్ (కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చే పరీక్ష) మొదలుపెడితే, దాన్నే తప్పుపట్టినవాళ్లున్నారు. ఇంత బాగా పనిచేసే మందును సగంమందికి ఇవ్వకుండా ఉత్తుత్తి మాత్ర చేతిలో పెట్టడం అన్యాయం కాదా అన్నారు. పైగా మందు ఇచ్చి చూసి, ఎవరికి ఆ స్పందనలు తగ్గాయో వాళ్లనే ట్రయల్‌లోకి తీసుకున్నారు. ఈసీజీ ప్రకారం వాళ్లందరికీ ఆ మందు పడినట్టే.

ట్రయల్‌లో ఈ రెండు మందుల వాడకాన్ని 1989లో అర్ధాంతరంగా ఆపేయాల్సి వచ్చింది. 1991లో ప్రచురించిన లెక్కల ప్రకారం, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయింది 26 మంది.

దీన్ని ఏ డాక్టరూ తన గదిలో కూర్చుని కనిపెట్టగలిగేవాడు కాదు. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషి కొన్ని నెలలకు చనిపోతే గుండెనే అంటాం తప్ప మాత్రను అనుమానించం. ఆ మాత్ర వేసుకోని అలాంటి మనుషులే పక్కన వందల్లో ఉంటేనే తేడా కంటపడుతుంది. ‘నా అనుభవంలో ఈ మందు బాగా పనిచేస్తుంది’ అని ఎంత పేరున్న వైద్యుడు చెప్పినా దాన్ని ట్రయల్ ఫలితానికి సమానంగా చూడలేకపోవడానికి కారణం ఇదే. ఆయన్ని శంకించడం కాదు. ఆ మాత్ర వేసుకోనందువల్ల చనిపోకుండా మిగిలిన ఆ ముప్ఫై నలభై మందిని చూసే అవకాశం ఆయనకు లేదు, అంతే.

కొలెస్ట్రాల్ కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ‘చెడు కొలెస్ట్రాల్’ అనే ఎల్‌డీఎల్‌ను స్టాటిన్లు అనే మందులు తగ్గిస్తాయి. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండెజబ్బు రోగులతో జరిపిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. అయిదేళ్లకు పైగా సాగిన ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 256 మంది, సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్నవాళ్లలో 182 మంది చనిపోయారు. అంకె దిగింది, ప్రాణాలూ దక్కాయి. ఆ తర్వాత ‘మంచి కొలెస్ట్రాల్’ అని పేరుపడ్డ హెచ్‌డీఎల్‌ను పెంచే టోర్సెట్రాపిబ్ వచ్చింది. దానితో హెచ్‌డీఎల్ 70 శాతానికి పైగా పెరిగింది, ఎల్‌డీఎల్ కూడా తగ్గింది. రిపోర్టు చూస్తే ముచ్చటేసేది. కానీ మందు వాడినవాళ్లలోనే మరణాలు ఎక్కువని తేలి, 2006 డిసెంబరులో దాని మీద జరుగుతున్న ట్రయల్‌ను ఆపేశారు. ఆ మందు బీపీని కూడా పెంచుతుందన్నది కొలెస్ట్రాల్ రిపోర్టు చెప్పే విషయం కాదు.

షుగర్ దగ్గర చిక్కు ఇంకాస్త ముదురుతుంది. హెచ్‌బీఏ1సీ అంటే సుమారు రెండు మూడు నెలల షుగర్ సగటు. కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో దాన్ని గట్టిగా అదుపు చేస్తే కంటికీ కిడ్నీకీ జరిగే నష్టం తగ్గుతుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ ట్రయల్ 1998లో చూపించింది. తగ్గించడం మంచిదైతే ఇంకా తగ్గించడం ఇంకా మంచిది కదా! అకార్డ్ ట్రయల్ పరీక్షించింది దీన్నే. సగటున 62 ఏళ్ల వయసుండి, ఎంతోకాలంగా షుగర్‌తో ఉంటూ, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 10,251 మందిని తీసుకున్నారు. సగంమందికి హెచ్‌బీఏ1సీని 6 కన్నా దిగువకు తేవాలని, మిగతా సగానికి 7 నుంచి 7.9 మధ్య ఉంచాలని లక్ష్యం పెట్టారు. గట్టిగా దించినవాళ్లలో 257 మంది, రెండోవైపు 203 మంది చనిపోయారు. ఆ గట్టి చికిత్సను 2008లో ఆపేశారు.

దీన్ని పట్టుకుని షుగర్ అదుపే అక్కర్లేదని వాదించేవాళ్లు సోషల్ మీడియాలో కొల్లలు. అకార్డ్‌లో రెండోవైపు వాళ్లు కూడా మందులు వాడుతూ షుగర్‌ను అదుపులో పెట్టుకున్నవాళ్లేనన్న మాటను వాళ్లు దాటేస్తారు. ట్రయల్ చెప్పింది ఇంతే: ముప్ఫై అయిదేళ్ల వయసులో నిన్నగాక మొన్న షుగర్ బయటపడిన మనిషికీ, గుండెకు స్టెంట్ వేయించుకున్న డెబ్బై ఏళ్ల మనిషికీ లక్ష్యం ఒకటే కాకూడదు.

నన్నడిగితే ఈ రంగంలో గత ఇరవై ఏళ్లలో వచ్చిన గొప్ప మార్పు ఏ కొత్త మందూ కాదు, ఒక నిబంధన. రోజిగ్లిటాజోన్ అనే షుగర్ మందు గుండెపోటు ముప్పును పెంచుతోందేమోనన్న వివాదం 2007లో రేగాక, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మరుసటి ఏడాది డిసెంబరులో ఒక షరతు పెట్టింది. కొత్త షుగర్ మందు షుగర్‌ను దించుతుందని చూపిస్తే చాలదు, గుండెకు హాని పెంచదని కూడా చూపించాలంది. భద్రత కోసం పెట్టిన ఆ షరతు ఎవరూ ఎదురుచూడని మేలు చేసింది. గుండెజబ్బు ఉన్న 7,020 మంది షుగర్ రోగులపై ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త షుగర్ మందును పరీక్షిస్తే, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వైపు 5.9 శాతం, మందు వైపు 3.7 శాతం అని 2015లో తేలింది. రెండు వైపులా హెచ్‌బీఏ1సీలో తేడా మాత్రం స్వల్పమే. ఒక్క అంకెనే చూసుకుని ఉంటే ఈ మందు పదిలో పదకొండోదిగా మిగిలిపోయేది.

బీపీ విషయంలో అంకెను నమ్మడానికి గట్టి ఆధారమే ఉంది. 1967లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో, కింది బీపీ 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది పురుషులపై జరిగిన ట్రయల్‌లో తీవ్రమైన ఆపదలు ఉత్తుత్తి మాత్ర వైపు 27, మందు వైపు రెండు. ఇంత తేడా కనిపించే ట్రయల్ అరుదు. వాదన ఉన్నదల్లా ఎంతవరకు దించాలన్నదాని మీదే. 2015లో వచ్చిన స్ప్రింట్ ట్రయల్, షుగర్ లేని 9,361 మందిలో పై బీపీని 120 లోపుకు తెస్తే, 140 లోపు ఉంచినదానికన్నా గుండె, రక్తనాళాల ఆపదలు 25 శాతం తగ్గాయంది. పత్రికలు పట్టుకున్నది ఆ 25నే. విడమరిస్తే, ఏడాదికి వెయ్యిమందిలో 22 మందికి వచ్చే ఆపద 16, 17 మందికి వచ్చింది. ఇది చిన్న మేలేమీ కాదు. మరణాలు కూడా తగ్గాయి. అయితే బీపీ మరీ పడిపోవడం, స్పృహ తప్పడం, కిడ్నీలు దెబ్బతినడం అదే వైపు ఎక్కువయ్యాయి. ఈ రెండో సగం లేకుండా 25 శాతం అని రాసే వార్తను నేను సగం వార్తగానే చదువుతాను.

ఇంకొక సంగతీ ఉంది. స్ప్రింట్‌లో బీపీ చూసిన పద్ధతి వేరు. మనిషిని అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. ఆయాసంతో మెట్లెక్కి వచ్చినవాళ్లకు మాట్లాడుతూనే పట్టీ చుట్టి కొలిస్తే అంకె సాధారణంగా దానికన్నా ఎక్కువే వస్తుంది. అలా వచ్చిన అంకెను పట్టుకుని 120కి దించాలని మందు పెంచితే, ఆ ట్రయల్‌లో ఎవరూ పొందని చికిత్స ఇస్తున్నట్టు. షుగర్ ఉన్నవాళ్ల సంగతి మరోలా నడిచింది. అవే రెండు లక్ష్యాలను వాళ్లలో పోల్చిన అకార్డ్ బీపీ విభాగం 2010లో, పక్షవాతాలు తగ్గినా మొత్తం ఆపదల్లో స్పష్టమైన తేడా లేదంది. 2024లో చైనాలో 12 వేలకు పైగా షుగర్ రోగులపై జరిగిన బీప్రోడ్ ట్రయల్ తేడా ఉందని తేల్చింది. కాబట్టి షుగర్ ఉన్న మనిషి పై బీపీ ఎంత ఉండాలని 2012లో ఒక డాక్టరు, ఇప్పుడు ఇంకో డాక్టరు వేర్వేరు అంకెలు చెప్పి ఉంటే, ఇద్దరూ తమ ముందున్న ఆధారాన్ని బట్టి సరిగ్గానే చెప్పి ఉండొచ్చు.