అసెంబుల్డ్ అంటే అంత చులకనా?

లాప్‌టాప్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకుందామని ఇప్పుడే సర్వీస్ సెంటర్‌కి వెళ్లొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేశారట, ఇంకోటి వేయడం కుదరదట. "కొత్తది తీసుకోండి సార్, ఎక్స్ఛేంజ్ ఉంది" అన్నాడు కుర్రాడు. విడిభాగాలు కొని బిగించుకున్న మా అసెంబుల్డ్ మిషన్లకి మూత తీసి మేమే ర్యామ్ గుచ్చుకునేవాళ్లం అన్నానో లేదో, "అవన్నీ లోకల్ మాల్ కదా సార్" అని ఓ వెకిలి నవ్వు.

లోకల్ మాలా? నువ్వు అమ్మేది ఆ లోకల్ మాల్‌కి మనవడే నాయనా! 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఏముంది? 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్ ఇంటెల్‌ది, మిషన్‌ని నడిపే డాస్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. గట్టిగా సొంతమని చెప్పుకోడానికి మిగిలింది బయోస్, అంటే ఆన్ చేయగానే మిషన్‌ని లేపే ప్రోగ్రాం. కాంపాక్ అనే ఇంకో కంపెనీ వాళ్లు దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయోస్ కొత్తగా రాసుకున్నారు. 1986లో ఇంటెల్ 386 చిప్ పెట్టిన మిషన్ ఐబీఎం కంటే ముందే దించారు కూడా. ఐబీఎం పీసీలా పనిచేసే క్లోన్ ముందు, ఒరిజినల్ వెనక! ఉడుక్కున్న ఐబీఎం 1987లో పీఎస్/2 తెచ్చి, పెద్ద మోడళ్లలో పాత కార్డులు పట్టని స్లాట్లు పెట్టింది. ఈ సోల్డర్ బుద్ధి ఇవాళ్టిది కాదు.

అన్నట్టు, మిషన్ స్పీడు పెంచడానికీ తగ్గించడానికీ ఉండే టర్బో బటన్ గుర్తుందా? క్యాబినెట్ ముందు మెరిసే అంకెలు? అవి స్పీడు కొలిచేవి కావు, వెనక జంపర్లు, అంటే చిన్న కనెక్షన్ ముక్కలు, ఎలా పెడితే ఆ అంకె. అయినా దాన్ని చూసి ఎంత మురిసిపోయేవాళ్లమో.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. 1991లో ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ నుంచి 40 మెగాహెర్ట్జ్ చిప్ 386డీఎక్స్-40 వచ్చింది. ఇంటెల్ 386 అయితే 33 దగ్గరే ఆగిపోయింది. మా డ్రాయింగుల ఆఫీసులో ఆటోకాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటర్ కొనాల్సి వస్తే, ఆ 40, పక్కన లెక్కలు వేగంగా చేసే ఓ 387 కోప్రాసెసర్ చిప్ పెట్టి సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించుకుందాం సార్ అన్నాను. "డూప్లికేట్ సరుకు ఆఫీసులోకి రానివ్వనయ్యా" అన్నారు పెద్దాయన. పెద్ద బ్రాండు, పైగా 486 అన్న అంకె! ఇంకేం, 486ఎస్ఎక్స్ తెప్పించారు.

ఎస్ఎక్స్‌లో కోప్రాసెసర్ ఉండదు. ఆటోకాడ్ రిలీజ్ 12 అది లేనిదే స్టార్టే కాదు. ఏసీ గదిలో గుడ్డ కప్పుకుని కూర్చుంది మహారాణి. అప్పుడు చెప్పారు, కోప్రాసెసర్‌గా 487 కొనుక్కోండి అని. ఆ 487 ఏంటో తెలుసా? కోప్రాసెసర్ లోపలే ఉన్న పూర్తి 486డీఎక్స్! అది గుచ్చగానే పాత చిప్ నోరు మూసుకుంటుంది. ఒక్క చిప్ పనికి రెండు చిప్పుల డబ్బు. దీన్ని ఒరిజినల్ అనాలి, మాది డూప్లికేటు!

ఆర్డర్ మీద సంతకం ఆయనది. కొటేషన్ సరిగ్గా చూడలేదని మెమో మాత్రం నాకు.