మహారాజశ్రీ ఒరిజినల్ కాస్ట్ రికార్డింగ్ గారికి

న్యూయార్క్ బ్రాడ్‌వే సంగీత నాటకాల పాటల్ని, మొదట వేషం కట్టినవాళ్ల చేతనే పాడించి వదిలే గ్రామఫోన్ రికార్డులైన మీకు, న్యూజెర్సీ నుంచి మీ పాత శ్రోత నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అక్కడక్కడా కాస్త చిటపట తప్ప మీ ఆరోగ్యానికి లోటేమీ లేదు. లోటల్లా నాకే. అది చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా వీధి చివర ఓ పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ మిమ్మల్ని అట్టపెట్టెలో పోసి, ఒక్కోటి డాలరన్నాడు. అన్నిటికంటే పైన 'మై ఫెయిర్ లేడీ'. అట్ట మీద బొమ్మ చూసి పడిపోయాను. మబ్బుల్లో మూలనాటకం రాసిన గడ్డం బెర్నార్డ్ షా కూర్చుని తాళ్లు పట్టి నాయకుడు రెక్స్ హారిసన్‌ని ఆడిస్తుంటే, ఆ హారిసన్ నాయిక జూలీ ఆండ్రూస్‌ని ఆడిస్తున్నాడు. పెట్టె మొత్తం మోసుకొచ్చాను. ఆర్నెల్లు తిరక్కుండా పాటలన్నీ నోటికొచ్చేశాయి. ఆ నాటకాలన్నీ చూసేసినంత గర్వం కూడా వచ్చింది. చూసింది మాత్రం ఒక్కటీ లేదు.

మీది మ్యూజికల్ కామెడీ అంటారు. మ్యూజిక్ ఉంది, ఒప్పుకుంటాను. కామెడీ ఏదండీ? రెండున్నర గంటల నాటకంలో మాటలన్నీ కోసేసి, పాటలు ముప్పావుగంటలో సర్ది ఇచ్చారు. పోపుగింజలన్నీ ఏరి ప్లేట్లో పెట్టి, ఇదే పులిహోర, తినండి అన్నట్టుంది. కథ కావాలంటే అట్ట వెనకాల చూసుకోవాలట, చీమతలకాయంత అక్షరాల్లో.

పుట్టిన కొత్తలో మీకో సాకుంది. 1943 మార్చి 31న 'ఓక్లహామా!' నాటకం మొదలైతే, వాద్యకారుల సంఘం రికార్డింగులు బంద్ పెట్టినందున మీరు శరదృతువు దాకా ఆగాల్సి వచ్చింది. చివరికి డెక్కా రికార్డు కంపెనీ వాళ్లు ఆరు పళ్లేలుగా తెచ్చారు. పక్కకి మూడు నిమిషాలు, మొత్తం పన్నెండు పక్కలు. అందులో జోకులకు చోటెక్కడిది? సరే, క్షమించాను. కానీ 1948లో ఎక్కువసేపు పాడే రికార్డు, ఎల్‌పీ వచ్చింది కదా! పక్కకి ఇరవై నిమిషాల పైచిలుకు దొరికాక కూడా జోకుల్ని గుమ్మం బయటే నిలబెట్టారు. జోకు రెండోసారి చప్పబడుతుందంటారా? ఆ మాట మా దగ్గర చెల్లదు. మా చిన్నప్పుడు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. సినిమాని గంటలోకి కుదించినా పాటలతో పాటు మాటలూ ఉండేవి. తెలిసిన మాటకే మా అమ్మ బెండకాయలు తరగడం ఆపి మళ్లీ నవ్వేది.

పోనీ ఎవరైనా నవ్వితే వినిపించేదా అంటే, నవ్వేవాడికే చోటు పెట్టలేదు. 'మై ఫెయిర్ లేడీ' 1956 మార్చి 15న మొదలైంది. పదిరోజులకి, ఆదివారం పూట, అందర్నీ న్యూయార్క్ ముప్పయ్యో వీధిలో ఒకప్పటి చర్చిలోకి తీసుకెళ్లి పాడించారు. ముందు వరసలో ప్రేక్షకుడు ఒక్కడు లేడు, మైకులు తప్ప. పైగా ఆ నాటకానికి పెట్టుబడి మొత్తం, మిమ్మల్ని తెచ్చిన కొలంబియా రికార్డు కంపెనీకి యజమాని అయిన సీబీఎస్ ప్రసార సంస్థదే. అంటే పెళ్లి ఖర్చంతా ఫొటోగ్రాఫరే పెట్టుకున్నాడన్నమాట.

ఇక 'ఒరిజినల్' అన్న మాట సంగతి. 1950లో 'కాల్ మీ మేడమ్' నాటకానికి డబ్బు పెట్టింది ఇంకో రికార్డు కంపెనీ ఆర్‌సీఏ. నాయిక ఎథెల్ మెర్మన్ ఒప్పందమేమో డెక్కాతో. ఎవరూ దిగిరాలేదు. మీరు చేసిందేమిటి? మిగతా బృందాన్నంతా ఉంచి, ఆ స్టేజీ ఎక్కని గాయని డైనా షోర్‌తో మెర్మన్ పాటలు పాడించారు. డెక్కా వాళ్లు మెర్మన్‌తో ఇంకోటి చేసుకున్నారు. పెళ్లికూతురో పీటమీద, పెళ్లివారో పీటమీద!

మీ మేలు మరిచానని కాదు. 1964లో 'ఎనీవన్ కెన్ విజిల్' 9 ఆటలకే మూతపడితే, మర్నాడే నటుల్ని పిలిచి పాడించారు. దానికి దణ్ణం.

అన్నిటికంటే నన్ను ముంచింది 'గైస్ అండ్ డాల్స్'. జూదమాడించే నేథన్ డెట్రాయిట్ వేషం సామ్ లెవీన్ వేశాడు. గొప్ప హాస్యనటుడు. పాట మాత్రం రాదు. స్వరకర్త ఫ్రాంక్ లెస్సర్ ఆయన్ని వదులుకోలేక, పాటల్నే తగ్గించి, చెప్పుకోదగ్గ యుగళగీతం ఒక్కటి ఇచ్చాడు. హాల్లో జనాన్ని నవ్వించినవాడు మీలో దాదాపు లేడు! నేనేమో వాడేదో చిన్న వేషం అనుకున్నాను.

మొన్న మా స్నేహితుడి కూతురి హైస్కూల్లో ఆ నాటకమే వేశారు. పిల్లది మిస్ అడిలైడ్ వేషం. నేథన్‌తో పద్నాలుగేళ్లుగా నిశ్చితార్థంతోనే సరిపెట్టుకుని, పెళ్లికాని బెంగతో జలుబు పట్టిన నైట్‌క్లబ్ డాన్సరు. నా పక్కన విజయవాడ నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మగారు. నేను కళ్లు మూసుకుని, రికార్డులో అడిలైడ్‌గా పాడిన వివియన్ బ్లెయిన్ ముక్కుదిబ్బడ గొంతు ఎక్కడ సాగుతుందో పిల్లది అక్కడ సాగదీస్తోందా లేదా అని లెక్క చూస్తున్నాను. ఆవిడ అప్పటికే పడీపడీ నవ్వుతోంది. "పద్నాలుగేళ్లా! వనవాసం కూడా అంతే కదమ్మా!"

నేథన్ వేసిన కుర్రాడికి శ్రుతి లేదు. వాడు నోరు తెరిస్తే చాలు, హాలంతా ఘొల్లుమంటోంది. ఏడేళ్లుగా వింటున్న నాటకంలో నవ్వు ఎక్కడొస్తుందో తెలియక, పక్కవాళ్లు నవ్వాక నేను నవ్వాను.

విరామంలో సమోసా తింటూ అమ్మమ్మగారు అడిగారు: "బాబూ, నీకీ నాటకం కంఠతా వచ్చటగా. ఆఖరికి వాడు దాన్ని చేసుకుంటాడా?"

చివర్లో ఇద్దరాడవాళ్లు పాడతారు, ఈరోజే పెళ్లాడేసి, బుద్ధులు తర్వాత నేర్పుదామని. ఆ తర్వాతేమైందో మీరు పాడితే కదా!

"చేసుకోవాలని మాత్రం అనుకుంటారండీ" అన్నాను.

"అనుకోవడానికేం, పద్నాలుగేళ్ల నుంచీ అనుకుంటూనే ఉన్నారుగా" అని ఆవిడ చెయ్యి తుడుచుకుని లోపలికి నడిచారు.

ఇట్లు,
అట్ట వెనకాల ఎన్నడూ చదవని
మీ విధేయుడు