సెగగడ్డ, చింతచిగురు, ఆరు రోజుల సెలవు

"రెండుసార్లు నా పొట్ట కోశారు. ఈసారి మీ వంతు" అంది మా ఆవిడ, కందిపప్పులో రాళ్లేరుతూ. ఏరే చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు. అంటే ఇక అప్పీలు లేదని అర్థం.

నేను సర్కారు బడిలో లెక్కల మాస్టారిని. లెక్క చెప్పి తప్పించుకుందామని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీశాను. దేశం మొత్తం మీద పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 38 మంది ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. భర్త చేయించుకున్నవాళ్లేమో వెయ్యికి ముగ్గురు. పైకి చదివాక నోరు మూసుకున్నాను. నేను తెచ్చిన సాక్షి అవతలివైపు సాక్ష్యం చెప్పాడు.

అమ్మకు మాత్రం చెప్పకూడదనుకున్నాం. ఆవిడ దృష్టిలో ఆ ఆపరేషన్ అయిన మగాడు ఇక బియ్యం బస్తా ఎత్తలేడు. (అది కాకముందు నేనెప్పుడు ఎత్తానో ఆవిడే చెప్పాలి.) అందుకని "గజ్జల్లో సెగగడ్డ లేచిందమ్మా, కోయించుకోవాలి" అన్నాను.

ముందురోజే శుభ్రంగా గీసుకుని రమ్మన్నారు. ఇరవై ఏళ్లుగా గడ్డం గీసుకుంటున్న చెయ్యి, అక్కడికి వెళ్లేసరికి వణికింది. మర్నాడు ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ చూసి, "కు.ని. కేసా? పేషెంటును లోపలికి పంపి మీరు బయట కూర్చోండి" అంది.

"పేషెంట్ నేనేనండీ."

కళ్లద్దాలు సర్దుకుని చూసింది. చాలక పక్కావిడను కూడా పిలిచి చూపించింది.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నారు డాక్టరుగారు. మత్తు సూది దిగాక ఆ చీమది ఏ ఊరో అడగాలనిపించింది. ఆ తర్వాత మాత్రం నొప్పి లేదు. లోపల ఎవరో దారం లాగుతున్నట్టు పొత్తికడుపులో కాస్త గుంజింది. ఇప్పుడు కత్తి కోత లేదట. సన్నటి మొన ఉన్న పరికరంతో చర్మానికి చిన్న చిల్లు చేసి, వీర్యకణాలు వచ్చే నాళాన్ని పైకి తీసి, కాస్త ముక్క తీసేసి, కొసలు ముడేసి లోపలికి పంపేస్తారు. రెండోవైపూ అంతే. కుట్టు కూడా లేదు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టలేదు. ఆయన అంతసేపూ మా బడి పదో తరగతి ఫలితాలు అడుగుతూనే ఉన్నారు. ఆ భంగిమలో ఉత్తీర్ణత శాతం చెప్పిన ఉపాధ్యాయుడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

మధ్యలో ధైర్యం చేసి "సార్, మగతనం..." అని నసిగాను. "ఆ హార్మోను రక్తంలోకి వెళ్తుందయ్యా, ఈ గొట్టంలోంచి కాదు" అని నవ్వారు. రెండు రోజులు విశ్రాంతి, బిగుతైన లంగోటీ, వారం పాటు బరువులూ సైకిలూ బంద్. కాస్త వాచినా కమిలినా కంగారు లేదు, జ్వరం గానీ చీము గానీ వస్తే వెంటనే రావాలి. "ఇంకోమాట. ఇవాళే స్వేచ్ఛ వచ్చేసిందనుకోకండి. దారిలో పాత సరుకు ఇంకా ఉంటుంది. మూడు నెలలయ్యాక వీర్య పరీక్షలో కణాలు సున్నా అని తేలేదాకా ఇవి వాడాల్సిందే" అని నిరోధ్ పొట్లం చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పసుపూ సున్నం కలిపి సిద్ధంగా ఉంది. "పట్టు వేస్తాను, పంచె తియ్యరా. కన్నతల్లి దగ్గర సిగ్గేంటి?" మంచం దిగొద్దన్న మనిషిని గది చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. "డాక్టరుగారు ఐసు మాత్రమే పెట్టమన్నారత్తయ్యా" అని మా ఆవిడ అడ్డొచ్చింది. తీరా చూస్తే ఫ్రిజ్‌లో ఐసు లేదు. వేసవిలో దాచిన చింతచిగురు ప్యాకెట్ మాత్రం రాయిలా గడ్డకట్టి ఉంది. తువాలులో చుట్టి ఇచ్చింది. అబ్బ, ఏం హాయి! మెత్తబడగానే మళ్లీ ఫ్రిజ్‌లోకి, గట్టిపడగానే మళ్లీ నా దగ్గరికి. రెండు రోజులు అదే డ్యూటీ చేసింది పాపం.

అసలు కొంప మునిగింది సెలవు దగ్గర. వేసెక్టమీకి మాకు ఆరు రోజుల ప్రత్యేక సెలవుంది. సీఎల్ ఒక్కటి ఖర్చవుతుందంటే ప్రాణం గిలగిల్లాడే జాతి మాది, వదులుతానా? సర్టిఫికెట్ ఫొటో తీసి హెడ్మాస్టారికి వాట్సాప్ చేశాను. ఆయనకే అనుకున్నాను. అది స్టాఫ్ గ్రూపులో పడింది. తీసేసేలోపే పద్నాలుగు మంది చూసేశారు. సోషల్ మేడం దండం బొమ్మ పెట్టింది. తెలుగు మాస్టారు "శుభాకాంక్షలు" అన్నారు, దేనికో ఆయనకే తెలియాలి.

మూడోరోజు ఆదివారం. హెడ్మాస్టారూ పీఈటీ సారూ బత్తాయిల సంచితో దిగారు. పీఈటీ సారు గొంతు తగ్గించారు గానీ, మైదానంలో అరిచి అరిచి తగ్గడం మరిచిపోయిన గొంతు అది. "మాస్టారూ, వేసెక్టమీ అయ్యాక పరిగెత్తొచ్చాండీ? మా ఆవిడ నన్నూ చేయించుకోమంటోంది."

"వేసెక్టమీ అంటే?" అని వంటింట్లోంచి అమ్మ.

అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి మా హెడ్మాస్టారు. "కు.ని. ఆపరేషనమ్మా!"

అమ్మ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది, కోడల్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"మరి సెగగడ్డ?"

"లేదమ్మా."

"సున్నం కోసం ఎండలో వీధి చివరిదాకా వెళ్లొచ్చానురా నేను!"

నెల రోజులు మాట్లాడదనుకున్న మనిషి బాధ అదీ! ఆ విసురులోనే అతిథుల్ని భోజనానికి కూర్చోబెట్టేసింది. హెడ్మాస్టారు మొదటి ముద్దకే కళ్లు మూసుకున్నారు. "ఈ రోజుల్లో చింతచిగురు పప్పు ఎక్కడిదమ్మా!"

"ఫ్రిజ్‌లోదే బాబూ. ఎందుకో ప్యాకెట్ సగం కరిగిపోయింది. పాడవుతుందని వేసేశాను."

మా ఆవిడ నన్ను చూసింది. నేను ఆకలిగా లేదని చెప్పి బత్తాయిలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు ఉన్నాయి. పీఈటీ సారు మారు వడ్డించుకున్నారు.