తిథి లేని వాగ్గేయకారుడు

కడపలో ఏటా సంగీతోత్సవాలు జరిపే ఓ కమిటీ ఈసారి పాంప్లెట్ అడుగున ఓ నియమం అచ్చేసింది: 'కొత్త కీర్తనలు పాడరాదు.' పైన 'పొగ తాగరాదు' అని ఉంది. రెండూ ఒకే సైజు అక్షరాల్లో.

నియమం మంచిదే. బతికున్నవాడు వాగ్గేయకారుడిలా తానే మాటలూ బాణీ కూర్చి కృతి కట్టడమేమిటి, పెద్దా చిన్నా లేకుండా! ఈ సంగతి తెలియక, రిటైరైన వయొలిన్ మాస్టారు ఒకాయన తన కృతి ఒక్కటి పాడించమని కమిటీ ఆఫీసుకు పోయారు. సెక్రటరీ గారు ఆదరంగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫారం తీశారు.

"రాగం?"

"ధర్మవతి."

"బాగుంది. వాగ్గేయకారుడి తిథి?"

"రాసింది నేనే సార్."

"అదే సామీ, మీ తిథి ఎప్పుడు? తిథి లేకుండా ఆరాధన ఎట్ల పెట్టేది?"

కోశాధికారి అందుకున్నారు. "పుష్య బహుళ పంచమి మాత్రం వద్దు సార్, అది త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి, హాలు దొరకదు. ఎండాకాలం అసలొద్దు, మన కడప ఎండలకు జనం రారు. మార్గశిరంలో ఏదన్నా చూసుకోండి, చల్లగా ఉంటుంది. తొందరేం లేదు, ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు."

మాస్టారు ఆలోచించి చెబుతానని లేచారు. "ఉండండి సార్, ఎమ్మెల్యే గారి మీద ఓ స్వాగతగీతం రాసిచ్చి పోండి" అన్నారు సెక్రటరీ గారు.

"అది కొత్తది కాదా?"

"అది సంగీతం కిందికి రాదులే సామీ."

ఈ కమిటీయే ఏటా అన్నమయ్య సంకీర్తనతో సభ మొదలుపెడుతుంది. తాళ్లపాక మనదే కదా, ఆ మాత్రం అభిమానం ఉండాలి. కానీ అయ్యా, రాగిరేకుల మీద మిగిలింది సాహిత్యం, పైన రాగం పేరు. ఆనాటి బాణీలు ఎప్పుడో పోయాయి. మీరు తలలూపుతూ వినేవి 20వ శతాబ్దంలో కట్టినవి. పక్కనున్న అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు ఎన్నింటికో స్వరాలు కూర్చారు. 'నానాటి బతుకు'ను రేవతిలో కట్టిన నేదునూరి కృష్ణమూర్తి గారు 2014 దాకా మన మధ్యే ఉన్నారు. మేళకర్తలనే 72 మూల రాగాల్లోనూ కృతులు చేసి, నాలుగేసి స్వరాలతో రాగాలు పుట్టించిన బాలమురళి 2016 దాకా ఉన్నారు. వీళ్లందరినీ తిథి అడిగి వెనక్కి పంపి ఉంటే ఈరోజు మైకు ముందు ఏం పాడించేవాళ్లు? పాంప్లెట్టా?

మాస్టారి కృతి ఎనిమిది నిమిషాలు. దాతలకు శాలువాలు కప్పి ఫొటోలు దిగడానికి ముప్పావుగంట ఇచ్చే సభకు ఆ ఎనిమిది నిమిషాలే బరువయ్యాయి! పక్కవాద్యాల వాళ్లకు తన పెన్షన్లోంచే ఇచ్చుకుంటానని కూడా అన్నారాయన. అప్పటికీ ఫారంలో తిథి గడి ఖాళీగా ఉందని తిప్పి పంపారు. సిగ్గుండక్కర్లేదా?