తమకో నీతి, విద్యార్థికో నీతి

వైద్యం, నర్సింగ్‌, ఫిజియోథెరపీ బోధించే అధ్యాపకుల్లో ఒక వర్గం ఆన్‌లైన్‌ పాఠం పేరెత్తితే నేటికీ మొహం చిట్లిస్తోంది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక, రోజుల వ్యవధిలో తరగతులు తెర మీదికి మారిన వైనం పాఠకులకు తెలిసిందే. ఆపద్ధర్మంగా హడావుడిగా చేసిన ఆ పనినే కొలబద్దగా పట్టుకుని, ఆన్‌లైన్‌ బోధన ఎందుకూ కొరగాదని తీర్పు చెప్పేయడం బోధకులకు తగదు.

రోగి పడక పక్కన అబ్బే విద్య తెర మీద అబ్బదన్న మాట నిజమే. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని వీడియో చెప్పగలదు కానీ, ఆ లోతు ఎంతో చేతులకు తెలిసేది శిక్షణ బొమ్మ మీద భుజాలు లాగేసేదాకా నొక్కినప్పుడే. అందులో మాకు పేచీ లేదు. ఈ మాట అంటున్నవారు కాపాడుతున్నది రోగి పడకనా, తమ ఉపన్యాసాన్నా అన్నదే మా ప్రశ్న. కిక్కిరిసిన హాల్లో, లైట్లు ఆర్పి, స్లైడ్ల మీది అక్షరాలను గంటసేపు చదివి వినిపించే పాఠంలో రోగి ఎక్కడున్నాడు? వెనుక వరుసలో కూర్చున్న విద్యార్థికి ఆనని ఈసీజీ గీతను అదే విద్యార్థి ఫోన్‌లో ఆపి, పెద్దది చేసి, అర్థమయ్యేదాకా చూసుకోగలడు.

అంతకన్నా బాధాకరం ద్వంద్వ నీతి. పట్టా పొందాక కూడా విజ్ఞానాన్ని తాజాపరచుకునేందుకు ఉద్దేశించిన నిరంతర వైద్య విద్య క్రెడిట్‌ పాయింట్లను వెబినార్లలో కూర్చుని సంపాదించుకునేవారే విద్యార్థి దగ్గరకు వచ్చేసరికి తెర చదువును చదువే కాదంటున్నారు. తమ సర్టిఫికెట్‌కు చెల్లిన తెర విద్యార్థి పాఠానికి ఎందుకు చెల్లదు? ఏ మందుకైనా ముందు రుజువు చూపమనే ఈ పెద్దలు ఇక్కడ మాత్రం రుజువును పక్కన పెడుతున్నారు. ఆరోగ్య రంగంలో ఇంటర్నెట్‌ ద్వారా జరిగిన బోధనపై 2008లో అమెరికా వైద్యుల సంఘం వారి జామా పత్రిక ప్రచురించిన విస్తృత సమీక్ష, ఏ శిక్షణా లేనివారితో పోలిస్తే దాని ప్రయోజనం చాలా ఎక్కువని, ఇతర బోధన పద్ధతులతో పోలిస్తే సగటు తేడా స్వల్పమేనని తేల్చింది. రోగికి మందు రాసేటప్పుడు రుజువు, పాఠం చెప్పేటప్పుడు అభిరుచి అంటే, అదీ ద్వంద్వ నీతే.

మంచి ఆన్‌లైన్‌ పాఠం తయారు చేయడానికి రోజులు పడుతుందని, శిక్షణ గానీ సమయం గానీ ఇవ్వకుండా యాజమాన్యాలు దాన్ని పోస్టుల కోతకు మార్గంగా చూస్తున్నాయని అధ్యాపకులు వాపోవడంలో న్యాయముంది. ఆ కోపం యాజమాన్యాల మీద చూపాలి. పద్ధతిని పనికిరానిదని తిడుతూనే, ఎప్పుడో రికార్డు చేసిన పాఠాన్ని ఏటా కొత్త బ్యాచ్‌కు అంటగట్టేవారికి మాత్రం ఆ ఫిర్యాదు చేసే అర్హత కూడా లేదు.

ఉపన్యాసాన్ని తెరకు అప్పగించి, మిగిలిన ఆ గంటను వార్డుకు తీసుకురండి. స్టెతస్కోపు మెడలో వేసుకుని వార్డు గుమ్మంలో ఎదురుచూస్తున్న విద్యార్థికి, తాను వింటున్న చప్పుడు మర్మర్‌ (గుండె చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు శబ్దం) అవునా కాదా అని పక్కన నిలబడి చెప్పేవారు కావాలి. వారంలో ఎన్ని గంటలు అలా నిలబడ్డారో ముందు లెక్క చెప్పండి. అది చెప్పలేనివారు రోగి పడకను సాకుగా వాడుకోవడం మానుకోవాలి.