ఎనిమిదికి ఎసరు

మన దేశంలో కొన్ని వ్యవస్థలు ఏ ప్రభుత్వం వచ్చినా చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. వాటిలో అగ్రగణ్యమైనది ద్విచక్ర వాహన లైసెన్సు పరీక్షలోని ఎనిమిది. రవాణా కార్యాలయం వెనుక ఖాళీ స్థలంలో సున్నంతోనో సిమెంటు దిమ్మెలతోనో తీర్చిన ఆ అంకె మీద, కాలు కింద పెట్టకుండా బండిని తిప్పి, బయలుదేరిన చోటికే క్షేమంగా తిరిగి వచ్చినవాడు రోడ్డెక్కడానికి అర్హుడని తరతరాలుగా నమ్ముతున్నాం. ఇప్పుడు సంస్కరణల పేరుతో దానికే ఎసరు పెడుతున్నారు. బాధ్యతగల పౌరుడిగా, పైగా ఆ ఎనిమిది మీద మొదటి ప్రయత్నంలోనే నెగ్గినవాడిగా, నా అభ్యంతరాలను రాతపూర్వకంగా నమోదు చేయవలసి వస్తోంది.

ఎనిమిది గొప్పదనమంతా దానికీ రోడ్డుకూ ఎటువంటి బంధుత్వమూ లేకపోవడంలోనే ఉంది. రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తుంది, ఎనిమిదిలో రాదు. రోడ్డు మీద గేదె అడ్డంగా పడుకుని నెమరు వేస్తుంది, ఎనిమిదిలో వేయదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని పదిహేనో నియమం చదివితే, అభ్యర్థి అద్దం సరిచూసుకోవాలని, చేతితో సైగలు చేయాలని, ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారనివ్వకుండా మళ్ళీ కదిలించాలని, ఇతర వాహనాలను జాగ్రత్తగా దాటాలని చాంతాడంత జాబితా కనిపిస్తుంది. అంత కొండను ఇంత అద్దంలో చూపించినట్టు, ఆ జాబితా మొత్తాన్ని ఒక్క అంకెలోకి కుదించి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి టీ చల్లారే లోపు ముగించగలగడం సామాన్యమైన పరిపాలనా దక్షత కాదు.

అంకె ఎంపికలోనూ దూరదృష్టి ఉంది. దేశభాషాభిమానం కొద్దీ తెలుగు అంకె ౮ గీసి ఉంటే కొంప మునిగేది. దానికి రెండు కొసలూ విడివిడిగా ఉంటాయి కనుక, ఒక కొసన ఎక్కినవాడు రెండో కొసన దిగి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఇంగ్లీషు 8తో ఆ భయం లేదు. ఎంత తిరిగినా మొదలుపెట్టిన చోటికే వస్తాడు. ప్రభుత్వ కార్యాలయాలతో ముందు ముందు పని పడబోయే పౌరుడికి ఇంతకంటే మంచి శిక్షణ మరొకటి లేదు.

రోడ్డు మీద బండి నడపడం అష్టావధానం వంటిదని, దానికి ఒక్క అంకెతో పరీక్ష చాలదని కొందరు వాదిస్తున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మనం పెట్టబోయే ప్రతి అక్షరాన్నీ ముందే పసిగట్టి నిషేధించే పృచ్ఛకుడిలా షేర్ ఆటో మన ముందే మెలికలు తిరుగుతుంది. జేబులో మోగే ఫోనూ, వెనుక కూర్చుని పెళ్ళి సంబంధం వివరాలు చెప్పే బంధువూ అప్రస్తుత ప్రసంగం బాధ్యత తీసుకుంటారు. ఎన్ని మోగాయో లెక్కపెట్టి చెప్పమన్నట్టు హారన్లు మోగుతూనే ఉంటాయి. అయితే అవధానిని ఎవరూ ముందుగా పరీక్షించి సభకు పంపరు, సభే పరీక్ష. మనమూ ఆ పద్ధతినే పాటిస్తున్నాం. అష్టం సంగతి కార్యాలయం చూసుకుంటుంది, అవధానం సంగతి రోడ్డు చూసుకుంటుంది.

ఈ పని విభజనను చెడగొట్టడానికి గట్టిగా పూనుకున్నది కేరళ. 2024 ఫిబ్రవరిలో అక్కడి రవాణా శాఖ ఒక సర్క్యులర్ జారీ చేసి, గేరు బండి లైసెన్సు కావలసినవారు కాలితో గేరు మార్చే, కనీసం 95 సీసీ ఇంజను ఉన్న మోటారు సైకిలు మీదే పరీక్షకు రావాలని చెప్పింది. మే నెలలో అమలుకు దిగేసరికి డ్రైవింగ్ స్కూళ్ళు ఆందోళనకు దిగాయి. వారి ఆవేదన అర్థం కావాలంటే బజాజ్ ఎం80 గురించి తెలియాలి. మన పల్లెల్లో పాల క్యాన్లు మోసిన బండే అది. గేరు ఎడమ చేతి పిడిలోనే ఉంటుంది, బరువు తక్కువ, కాలికి గేరుతో పని లేదు. తయారీ ఎప్పుడో ఆగిపోయినా, కేరళ డ్రైవింగ్ స్కూళ్ళు దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాయి. రోడ్ల మీద దాదాపు కనుమరుగైన బండి పరీక్షా మైదానంలో మాత్రం నిత్య యౌవనంతో వెలిగింది. దాని మీద ఎనిమిది వేసి నెగ్గిన కుర్రవాడు మర్నాడు షోరూముకు వెళ్ళి 200 సీసీ బండి కొనుక్కునేవాడు, గేరు కాలి దగ్గర కూడా ఉండవచ్చన్న సంగతి అక్కడ తెలుసుకునేవాడు. నేర్చుకోవడానికి జీవితంలో ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా! ఎనిమిది కోసం ఎనభై బతికింది, ఎనభై దయవల్ల ఎనిమిది బతికింది. అటువంటి జంటను 2024 ఆగస్టు 1 నుంచి విడదీసి, ఎం80ని పరీక్షల నుంచి సాగనంపారు. పదవీ విరమణ చేసిన ప్రతి పెద్దమనిషికీ ఏదో ఒక సలహాదారు పదవి దొరికే దేశంలో ఆ బండికి మాత్రం తుక్కు దుకాణమే గతి అయింది.

మన వైపు ఎం80 దాకా వెళ్ళవలసిన అవసరం రాలేదు. కార్యాలయం గేటు బయట, జిరాక్సు షాపు పక్కన, చెట్టు నీడలో ఒక అద్దె బండి నిలబడి ఉంటుంది. దానికి ఎనిమిది కంఠతా వచ్చు. మనం మీద కూర్చుంటే చాలు.

కేంద్రం చేసిన గాయం ఇంకా లోతైనది. 2021 జూన్ 7న నోటిఫై చేసి జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన నియమాల ప్రకారం, గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రంలో శిక్షణ పూర్తి చేసి ధ్రువపత్రం తెచ్చుకున్నవారికి కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష ఉండదు. ఆ కేంద్రానికి ద్విచక్ర, తేలికపాటి వాహనాల వరకైతే కనీసం ఎకరం స్థలం, సిమ్యులేటరు, ట్రాకు, అయిదేళ్ళ అనుభవం ఉన్న శిక్షకులు ఉండాలట. అంటే, ముందు నేర్పాలట! లైసెన్సు తీసుకున్నాక తీరుబడిగా నేర్చుకునే మన ఆచారాన్ని ఇంతగా అవమానించిన నియమం మరొకటి లేదు. 2024లో, జూన్ 1 నుంచి ఇక ఆర్టీఏలో పరీక్షే ఉండదన్న వార్త ఫోన్లలో చెలరేగినప్పుడు నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. ఆ నియమాలు 2021 నాటివేననీ, కొత్తగా మారబోయేదేమీ లేదనీ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. మూడేళ్ళ కిందటి నియమం జనానికి కొత్త వార్తగా కనబడిందంటే, ఆ మూడేళ్ళూ అది ఎంత ప్రశాంతంగా నిద్రపోయిందో గ్రహించి నేనూ పడుకున్నాను.

సంస్కర్తలు చివరి అస్త్రంగా ప్రమాదాల లెక్కలు చూపిస్తారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఈ అంకెలను నేను కాదనను. కానీ వారిలో ఎనిమిది మీద తిరుగుతూ మరణించినవారు ఒక్కరైనా ఉన్నట్టు నేను వినలేదు. దోషం ఎనిమిదిలో లేదు, రోడ్డులో ఉందని దీన్నిబట్టే తేలిపోతోంది. కనుక పరీక్షను రోడ్డుకు తగినట్టు మార్చే దుబారా మాని, రోడ్లనే పరీక్షకు తగినట్టు మార్చాలని, ప్రతి మునిసిపాలిటీ తన పరిధిలోని వీధులన్నిటినీ దశలవారీగా ఎనిమిది ఆకారంలోకి తేవాలని నా ప్రతిపాదన. ఎవరూ ఎక్కడికీ చేరుకోలేరన్న ఆక్షేపణ రావచ్చు. సాయంత్రం ఆరు గంటల వేళ అమీర్‌పేటలో ఉన్నవారిని అడగండి, తేడా ఏమీ ఉండదంటారు.

ఈ ప్రతిపాదనకు ప్రేరణ మా మేనల్లుడు. మొన్న వాడికి పరీక్ష ఉంటే తోడు వెళ్ళాను. కాలు కింద పెట్టకుండా, గీత తొక్కకుండా, ముగ్గు వేసినంత ముచ్చటగా ఎనిమిది తిప్పాడు. ఇన్‌స్పెక్టరు గారు తల ఊపారు. సొంత బండి మీద గేటు దాకా వచ్చి, ఎదురుగా బస్సులు, ట్రాక్టర్లు రెండు వైపులా దూసుకుపోతున్న రహదారిని చూసి రెండు కాళ్ళూ కింద పెట్టేశాడు.

"మావయ్యా, ఇక్కడ గీతలు లేవు. బండి నువ్వు తీస్తావా?" అన్నాడు.

నేనూ ఆ గీతల మీద పాసైనవాణ్ణే. అందుకని బండిని నడపడానికి లైసెన్సున్న ఇద్దరమూ దాన్ని నడిపించుకుంటూ ఇంటికి వచ్చాం.